‘క్యారీ’ మళ్ళీ చదవడం: కథంతా తెలిశాక ఇంకేం మిగిలింది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. స్టీఫెన్ కింగ్ ‘క్యారీ’ని, అంటే తోటివాళ్లు ఏడిపించే, మనసుతోనే వస్తువులు కదిలించగల హైస్కూలు అమ్మాయి కథని, కాలేజీ రోజుల్లో ఒక్క రాత్రిలో చదివేశారు. హారర్‌లో మీకు అన్నిటికన్నా ఇష్టమైన నవల అదే. పదిహేనేళ్లు పోయాక మళ్ళీ తీసి, నలభై పేజీల దగ్గర ఆగిపోయారు. కథ తెలుసు, గుండె దడ లేదు, మధ్యమధ్యలో వచ్చే రిపోర్టులూ పుస్తకాల ముక్కలూ విసిగిస్తున్నాయి. వదిలేయాలా, వేరే పద్ధతి ఏదైనా ఉందా అంటున్నారు. తొమ్మిదో తరగతి చదివే మీ అమ్మాయి అదే పుస్తకం అడుగుతోంది, ఇవ్వొచ్చా అన్నది రెండో ప్రశ్న.

వదిలేయకండి. భయం కోసం మాత్రం చదవకండి. ఈ నవల తన ముగింపును దాచుకోదు. ఊరు తగలబడుతుందని, చాలామంది చనిపోతారని, ఆ తర్వాత విచారణ కమిషన్ కూర్చుంటుందని మొదటి పాతిక పేజీల్లోనే తెలిసిపోతుంది. అంటే మొదటిసారి చదివేవాళ్లకు కూడా ముగింపు తెలిసే ఉంటుంది, వయసులో ఉన్నప్పుడు మనం ఆ సంగతి పట్టించుకోం, అంతే. రెండోసారి చదవాల్సింది ఒకే ప్రశ్న పట్టుకుని: ఇది ఎక్కడెక్కడ ఆగిపోయి ఉండేది? ఆ ప్రశ్నతో చదివితే, మీకు విసుగు పుట్టిస్తున్న రిపోర్టులే పుస్తకంలో అన్నిటికన్నా పదునైన భాగాలుగా కనిపిస్తాయి. మీరు నలభయ్యో పేజీ దగ్గర ఆగిపోవడానికి కారణం కూడా బహుశా వాటిని కళ్లతో దాటేయడమే.

ఇలా దాటేయడం మన అలవాటు కూడా. ఎనభైల్లో వారపత్రికల్లో సీరియల్‌గా వచ్చిన క్షుద్ర నవలలు మనల్ని తర్వాతి వారం దాకా ఊపిరి బిగబట్టి ఉంచాయి. ప్రతి భాగం చివర ఒక కొక్కెం, దాని కోసం మిగతాదంతా పరుగు. ‘క్యారీ’లో ఆ కొక్కేలు దాదాపు లేవు. పరిగెడితే చేతికి ఏమీ రాదు.

ముందు సినిమాను బుర్రలోంచి తీసేయాలి. మళ్ళీ చదివేవాళ్లలో ఎక్కువమంది తడబడేది ఇక్కడే. నవల 1974 ఏప్రిల్‌లో వచ్చింది, బ్రయాన్ డి పామా సినిమా 1976లో. చదివింది పుస్తకమే అయినా, ఏళ్లు గడిచేకొద్దీ జ్ఞాపకంలో సినిమా వచ్చి కూర్చుంటుంది. దాంతో పేజీ మీద ఉన్నది ఒకటి, మనకు కనిపించేది మరొకటి. పుస్తకం తెరిచే ముందు ఈ తేడాలు ఒకసారి మననం చేసుకోండి.

సినిమా క్యారీ సన్నగా, బెదురు చూపులతో ఉంటుంది. పుస్తకంలో క్యారీ లావుగా ఉంటుంది, మెడ మీద, వీపు మీద మొటిమలుంటాయి. ఆమెను చూసి జాలి కన్నా ముందు చిరాకు పుట్టేలా కింగ్ కావాలనే రాశాడు. మొదటి సన్నివేశంలో ఆ చిరాకు పాఠకుడికి కూడా ఒక క్షణం కలగాలి, అదే ఉచ్చు. మనసులో సినిమా ముఖం ఉంటే ఆ ఉచ్చులో పడం, మొదటి పేజీ నుంచే మంచివాళ్లమైపోతాం.

సినిమాలో క్యారీ తోటి విద్యార్థిని సూ స్నెల్ ప్రామ్ (స్కూలు వాళ్ల డాన్స్ పార్టీ) జరిగే హాలుకు వస్తుంది, రక్తం బకెట్లకు కట్టిన తాడును చూస్తుంది. పుస్తకంలో ఆమె ఆ రాత్రి ఇంట్లోనే ఉంటుంది. ప్రామ్‌లో రాజూరాణీల్ని ఎన్నుకునే ఓటింగ్‌లో, సినిమాలోనైతే బ్యాలెట్ చీటీలు మార్చేస్తారు. పుస్తకంలో రెండు జంటలకు సమానంగా ఓట్లొస్తే రెండోసారి ఓటింగ్ పెడతారు, క్యారీ, ఆమెను ప్రామ్‌కు తీసుకొచ్చిన టామీ రాస్ ఒక్క ఓటు తేడాతో గెలుస్తారు. సినిమాలో వ్యాయామ టీచరు చనిపోతుంది. పుస్తకంలో మిస్ డెజార్డిన్ బతికి బయటపడి, ఇక జన్మలో పాఠం చెప్పనని రాజీనామా ఉత్తరం రాస్తుంది. తల్లి చావు కూడా వేరు. సినిమాలో వంటింటి కత్తులు గాల్లో ఎగిరొచ్చి గుచ్చుకుంటాయి, పుస్తకంలో క్యారీ తల్లి గుండెను మనసుతోనే నెమ్మదిస్తూ నెమ్మదిస్తూ ఆపేస్తుంది. నా లెక్కలో ఆ రెండోదే ఎక్కువ భయంకరం, చప్పుడు లేదు కాబట్టి. ఇక సినిమాలో నాశనం హాలుతో, ఇంటితో ఆగిపోతుంది. పుస్తకంలో ఊరంతా పోతుంది: వీధుల్లో నీటి హైడ్రెంట్లు ముందే తెరుచుకుంటాయి, మంటలార్పడానికి నీళ్లుండవు, పెట్రోలు బంకులు పేలతాయి, కరెంటు తీగలు తెగి రోడ్ల మీద పడతాయి. సమాధిలోంచి చెయ్యి వచ్చే ఆఖరి షాటు పుస్తకంలో లేనే లేదు.

ఆడియోబుక్ వింటే పని తేలిక అనుకుంటారేమో, ఒక మెలిక ఉంది. దాన్ని చదివింది ఆ సినిమాలో క్యారీగా వేసిన సిస్సీ స్పేసెక్కే. ఎంతో బాగా చదివింది. కానీ సినిమాను మరిచిపోవాలని చూస్తున్నవాళ్లకు అదే గొంతు చెవిలో పడుతుంది. కాబట్టి అచ్చు పుస్తకం పూర్తయ్యాకే వినండి.

రిపోర్టుల సంగతి. నవలలో మూడు రకాల గొంతులుంటాయి. మామూలు కథనం ఒకటి. ఘటన జరిగాక వచ్చిన కాగితాలు రెండోది. కుండలీకరణాల మధ్య, కామాలూ ఫుల్‌స్టాపులూ లేకుండా, వాక్యాన్ని మధ్యలో కోసేస్తూ దూరే ఆలోచనలు మూడోది. కింగ్ మొదట రాసింది నవలకు చాలనంత చిన్నగా వస్తే పొడవు కోసం ఈ కల్పిత కాగితాలు చేర్చాడు. అవసరం కొద్దీ చేసిన పనే, పుస్తకాన్ని నిలబెట్టింది కూడా అదే.

వాటిని పట్టుకోవడానికి ఒక తెల్లకాగితం తీసుకుని నిలువుగా ఒక గీత గీయండి. గీతకు ఎడమవైపు సంవత్సరం, కుడివైపు ఎవరు మాట్లాడుతున్నారో రాయండి. 1966 ఆగస్టు, క్యారీ వాళ్లింటి మీద రాళ్లవాన కురిసిందని పత్రికలో వార్త. 1979 మే 27, ప్రామ్ రాత్రి. 1980, బతికి బయటపడ్డ అమ్మాయి పేరున ఒక పత్రికలో వ్యాసం, పక్కింటి స్టెల్లా హోరన్‌తో మరో పత్రిక చేసిన ముఖాముఖి. 1981, ఒక ప్రొఫెసర్ రాసిన పరిశోధన గ్రంథం. 1986, సూ స్నెల్ ఆత్మకథ. వీటితోపాటు కమిషన్ ముందు ఇచ్చిన వాంగ్మూలాలు, ప్రామ్ రాత్రి గంటా నిమిషాలతో వచ్చే వార్తా సంస్థ టెలిప్రింటర్ ముక్కలు. చిట్టచివర 1988లో ఒక ఉత్తరం. ఈ కాగితం పక్కన పెట్టుకుంటే, ఒక్కో ముక్క వచ్చినప్పుడు ‘ఈ మనిషి అక్కడున్నాడా, విన్నాడా, ఊహిస్తున్నాడా’ అని రెండు సెకన్లలో తేల్చుకోవచ్చు.

ఈ తేదీల్లో ఇంకో కిటుకుంది. పుస్తకం అచ్చయింది 1974లో. అంటే మొదటి పాఠకులకు ఈ తేదీలన్నీ భవిష్యత్తు, ఒక్క రాళ్లవాన తప్ప. ఐదేళ్ల తర్వాత జరగబోయే విధ్వంసం గురించి, పద్నాలుగేళ్ల తర్వాతి ఉత్తరంతో సహా, పాత ఫైలు తిరగేసినట్టు చదివారు వాళ్లు. మనకిప్పుడు అదంతా గతం, నిజంగానే పాత ఫైలులా ఉంటుంది. రెండోసారి చదివేటప్పుడు మొదటి పాఠకుడి కుర్చీలో కూర్చుని ఊహించుకుంటే ఆ కాగితాల పొడితనం తగ్గిపోతుంది.

అసలు సంగతేమిటంటే, ఆ కాగితాల్లో చాలా మటుకు తప్పు. అబద్ధాలని కాదు, పొరపాట్లు. ప్రొఫెసరు జన్యువుల గురించి వివరిస్తాడు, కమిషన్ బాధ్యుల కోసం వెతుకుతుంది, బతికినమ్మాయి తన నవ్వుకు సంజాయిషీ చెప్పుకుంటుంది. క్యారీ ఆ క్షణాన ఏమనుకుందో వీళ్లలో ఎవరికీ తెలియదు. మనకు తెలుసు, ఎందుకంటే పక్క పేజీలో ఆమె మనసులో ఉన్నాం. కాగితానికీ మనసుకూ మధ్య ఉన్న ఆ దూరమే ఈ నవల. కమిషన్ సూని అనుమానిస్తున్నప్పుడు, ఆమె ఏం చేసిందో కళ్లారా చూసిన మనం ఏమీ చెప్పలేక కూర్చుంటాం. మొదటిసారి చదివినప్పుడు ఆ బాధ కలగదు, సూ సంగతి మనకింకా తేలదు కాబట్టి.

వాంగ్మూలాల్లో టామ్ క్విలన్ అనే తాగుబోతు మాటలు మాత్రం దాటేయకండి. ఆ రాత్రి వీధిలో వెళ్తున్న అమ్మాయి క్యారీ వైట్ అని తనకు తెలుసంటాడు. ఇంతకుముందు ఆమెను చూశావా అంటే లేదంటాడు. మరెలా తెలుసంటే, తెలిసింది అంతే అంటాడు. విచారణ జరిపేవాళ్లు దీన్ని తాగుబోతు మాటగా తీసేయగలరు. మనం తీసేయలేం: ఊళ్లో చాలామందికి అలాగే ‘తెలిసింది’. ఆమె మనసు ఆ రాత్రి ఊరంతా చిందిపోయింది.

కుండలీకరణాల ముక్కల దగ్గర పెన్సిల్ పట్టుకోండి. ఒక్కోదాని పక్కన అది ఎవరి ఆలోచనో మొదటి అక్షరం వేయండి: క్యా, సూ, క్యారీ తల్లి మార్గరెట్‌కు మా. మొదటి భాగంలో అది తేలిక, ఎవరి సన్నివేశమో వాళ్ల ఆలోచనే. రెండో భాగంలో గందరగోళపడతారు, మూడో భాగానికి వచ్చేసరికి ఒకరి తలలో మరొకరి ఆలోచన వస్తుంటుంది. పెన్సిల్ ఎక్కడ ఆగిపోయిందో అక్కడే టెలిపతీ మొదలైంది. ఈ-బుక్‌లో అక్షరం సైజు బాగా పెంచితే ఈ ముక్కల కోత చెడిపోయి మామూలు పేరాల్లా కనిపిస్తాయి. ఫోన్‌లో చదవాల్సివస్తే అడ్డంగా తిప్పి, అక్షరం ఓ మోస్తరుగా పెట్టుకోండి.

ఇప్పుడు అసలు పని: ఆగిపోయి ఉండాల్సిన చోట్లు. ఇది రెండోసారి చదివేవాళ్లకే దక్కుతుంది. ఒక్కోచోట రంగు చీటీ అంటించుకుంటూ వెళ్లండి. నేను ఎవరికి చెప్పినా వీటితో మొదలుపెట్టమంటాను.

మొదటిది మొదటి పేజీయే. మూడేళ్ల పిల్ల ఉన్న ఇంటి మీద ఆకాశంలోంచి రాళ్లు పడ్డాయి. స్థానిక పత్రిక వార్త వేసింది: కప్పు దెబ్బతింది, వాననీటి గొట్టాలు పాడయ్యాయి, వాటి ఖరీదు సుమారు 25 డాలర్లు. గొట్టాల ధర కట్టారు గానీ పిల్ల ఎలా ఉందని ఎవరూ అడగలేదు. తర్వాత వచ్చే స్టెల్లా హోరన్ ముఖాముఖిని దీనితో కలిపి చదవండి. ఆ రోజు తల్లి ఎందుకు కేకలేసిందో, పిల్ల ఏమడిగినందుకో పక్కింటివాళ్లకు తెలుసు. ఊరికి కనీసం ఒక ఇంటి నిండా సాక్షులున్నారు.

రెండోది స్నానాల గది. పదహారేళ్ల అమ్మాయికి మొదటిసారి నెలసరి వచ్చింది, అదేమిటో ఆమెకు తెలియదు, రక్తం కారి చచ్చిపోతున్నాననుకుంది. తోటివాళ్లు శానిటరీ నాప్‌కిన్లు విసురుతూ గోల చేశారు. ఇదంతా మీకు గుర్తుండే ఉంటుంది. గుర్తుండనిది: మిస్ డెజార్డిన్ లోపలికి రాగానే క్యారీని చెంపమీద కొడుతుంది. ఆ కొట్టడంలో ఆమెకు ఒక రకమైన తృప్తి కలిగిందని కింగ్ అక్కడే చెబుతాడు. విషయం అర్థమయ్యాక ఆవిడ కుంగిపోతుంది, పిల్లలకు శిక్ష పడేదాకా ఊరుకోదు. అయితే ఆ చెంపదెబ్బ ముందు వచ్చింది. కింగ్ అప్పుడు హైస్కూలు ఇంగ్లీషు టీచరు, టీచర్ల గదుల్లో ఎవరిని చూసి ఎవరికి విసుగో తెలిసినవాడు.

మూడోది చిన్నది, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. అసిస్టెంట్ ప్రిన్సిపల్ మోర్టన్ ఆఫీసులో క్యారీని ఓదారుస్తూ పేరు తప్పు పిలుస్తాడు, క్యాసీ అంటాడు. ఒకసారి కాదు, సరిదిద్దాక కూడా. బల్ల మీద ఆష్‌ట్రే ఎగిరి కింద పడుతుంది. మొదటిసారి చదివినప్పుడు ఆష్‌ట్రేను చూస్తాం. రెండోసారి పేరును చూడండి. జాలి పడుతున్న మనిషికి, ఎవరి మీద జాలిపడుతున్నాడో తెలియదు.

నాలుగోది చిక్కైనది, ఎందుకంటే ఇక్కడ పెద్దవాళ్లు సరిగ్గానే నడుచుకుంటారు. అమ్మాయిలకు వారం పాటు డిటెన్షన్ (బడి వదిలాక ఆపి ఉంచే శిక్ష), ఎగ్గొడితే సస్పెన్షన్, ప్రామ్ టికెట్టు రద్దు. క్రిస్ హార్గెన్సన్ ఎగ్గొట్టింది, టికెట్టు పోయింది. లాయరైన వాళ్ల నాన్న వచ్చి కేసు వేస్తానని బెదిరిస్తే, ప్రిన్సిపల్ గ్రేల్ ఆమె ఫైలు ముందు పెట్టి, క్యారీ తరఫున మేమే కేసు వేస్తామని తిప్పికొడతాడు. నిఖార్సయిన న్యాయం. ఆ న్యాయం వల్లే క్రిస్‌కు కక్ష పుట్టింది, తన స్నేహితుడు బిల్లీ నోలన్‌ను ఎగదోసి, ప్రామ్ వేదిక మీద క్యారీ నెత్తిన పోయడానికి పందుల రక్తం తెప్పించింది. ఇక్కడ చీటీ అంటించేటప్పుడు ఏం రాయాలో తోచదు. అలా తోచకపోతే మీరు సరిగ్గానే చదువుతున్నట్టు.

ఐదోది సూ స్నెల్. చేసిన తప్పుకు సిగ్గుపడి, తన స్నేహితుడు టామీని క్యారీతో ప్రామ్‌కు వెళ్లమంటుంది. ఇది మంచితనమా, తన మనశ్శాంతి కోసం చేసిన ఏర్పాటా? పుస్తకం తేల్చదు, సూ కూడా తేల్చుకోలేదు. లెక్క మాత్రం స్పష్టం: సూ ఈ మంచి పని చేయకపోతే క్యారీ ఆ రాత్రి ఆ వేదిక మీద ఉండదు. కథలో చెడ్డవాళ్లు బకెట్లు మాత్రమే వేలాడదీశారు, క్యారీని వాటి కిందికి తెచ్చింది మంచివాళ్లు.

ఆరోది ఓటు. సమానంగా వచ్చాక రెండోసారి చీటీ మీద క్యారీ, టామీ తమకే వేసుకుంటారు. తేడా ఒక్క ఓటు. తానూ అందరిలాంటి అమ్మాయినే అని జీవితంలో మొదటిసారి నమ్మి ఆమె గీసిన గీత అది.

ఇంకా ఉన్నాయి, మీరే పట్టుకుంటారు. ప్రామ్‌కు బయల్దేరే ముందు తల్లితో మాటలు, ఆ తర్వాత హాల్లో మొదటి నవ్వు.

మనవాళ్లు పొరబడే చోటు ఒకటుంది, విడిగా చెప్పాలి. స్నానాల గది సన్నివేశం చదివి ‘అమెరికాలో పదహారేళ్లొచ్చినా తెలియకపోవడమేంటి, నమ్మేలా లేదు’ అంటారు కొందరు. మన దగ్గర పిల్ల పెద్దమనిషైతే పీట వేసి కూర్చోబెడతాం, చిమ్మిలి పెడతాం, కొందరైతే ఫ్లెక్సీ కూడా కట్టిస్తారు, కాబట్టి తెలియకపోవడమన్నది మనకు వింతే. కానీ మార్గరెట్ వైట్ చెప్పడం మరిచిపోలేదు, కావాలనే చెప్పలేదు. పిల్ల పాపం లేకుండా పెరిగితే ఆ రక్తం అసలు రాదని ఆవిడ నమ్మకం. వచ్చిందంటే పిల్ల పాపం చేసిందని రుజువు. అందుకే ఇంటికొచ్చిన క్యారీని ప్రార్థన కోసం చీకటి అల్మారా గదిలో తోసి తలుపేస్తుంది. సంబరం చేస్తూనే మరోపక్క ముట్టు, అంటు అని దూరం పెట్టిన ఇళ్లు మనకు కొత్త కాదు గనుక, ఆ తల్లి తర్కం సగం మనకు అర్థమవుతుంది. ఆ అర్థమవడాన్ని తోసేయకుండా చదవండి. మార్గరెట్‌ను ఉత్త పిచ్చిదిగా చదివితే మొదటి భాగం చప్పగా ఉంటుంది. ఆవిడ తనకు తెలిసిన ప్రేమతోనే ఇదంతా చేస్తోందని చదివితే వెన్నులో చలి పుడుతుంది.

ఎన్ని విడతల్లో చదవాలి? మొదటి ముద్రణ 199 పేజీలే, ఇప్పటి పేపర్‌బ్యాకుల్లో అక్షరాలు పెద్దవి కాబట్టి పేజీలు ఎక్కువ. మొత్తం ఐదారు గంటల పని. పుస్తకం మూడు భాగాలు, కానీ మూడూ సమానం కావు. మొదటి భాగాన్ని రెండు మూడు రోజుల్లో, చీటీలు అంటిస్తూ, నింపాదిగా చదవండి. ప్రామ్ రాత్రి భాగాన్ని మాత్రం ఒకే కూర్చోడంలో పూర్తి చేయండి, మధ్యలో ఆపితే చెడుతుంది. అందులో కథ ముందుకెళ్లి, వెనక్కొచ్చి, అదే నిమిషాన్ని నలుగురి వైపు నుంచి చూపిస్తుంది. రక్తం పడిన క్షణం ఒకసారి బతికినమ్మాయి మాటల్లో వస్తుంది, మరోసారి క్యారీ లోపలి నుంచి. రేపు చదువుదామని ఆపితే ఆ రెండూ ఒకటే క్షణమన్న సంగతి చెదిరిపోయి, జరిగిందే మళ్ళీ చెబుతున్నాడనిపిస్తుంది. మీకు విసుగనిపించింది కూడా ఇదే కావచ్చు. ఇక్కడ పెన్సిల్, చీటీలు పక్కన పెట్టేయండి. మూడో భాగం చిన్నది, మర్నాడు పగటిపూట చదవండి. ముందుమాట ఉన్న ఎడిషన్ అయితే దాన్ని ఆఖరికి ఉంచండి.

ఈ పద్ధతిలో కూడా చెడిపోయే మార్గం ఒకటుంది: దీన్ని పగ తీర్చుకున్న కథగా చదవడం. ఏడిపించినవాళ్లకు బుద్ధొచ్చింది, బాగా అయింది అనుకుంటూ ప్రామ్ భాగంలో పరిగెత్తడం. చిన్నప్పుడు మనలో చాలామంది అలాగే చదివాం, అందుకే అంత నచ్చింది కూడా. ఆ సంతృప్తి నిజమే, సిగ్గుపడక్కర్లేదు. మరి హాలు బయట, ఊళ్లో చచ్చిపోయినవాళ్లెవరు? స్నానాల గదిలో లేనివాళ్లు, ఆమె పేరు కూడా తెలియనివాళ్లు. కూతురు ఏమైందోనని వీధిలోకి పరిగెత్తుకొచ్చిన కోరా సిమార్డ్ వాంగ్మూలం, తెగిన కరెంటు తీగల మధ్య, అందుకే ఉంది. ఆ రెండు మూడు పేజీల దగ్గర వేగం తగ్గించండి. క్యారీ మీద ప్రేమ తగ్గనక్కర్లేదు, ఆ ప్రేమ కాస్త బరువెక్కుతుంది.

దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. పెద్దయ్యాక, ముఖ్యంగా పిల్లలున్నవాళ్లు, క్యారీని పూర్తిగా అమాయకురాలిగా చదివేస్తారు. ఆమెకు తన శక్తి తెలుసు. ప్రామ్‌కు ముందే మంచం ఎత్తి దించుతూ, బీరువా లేపుతూ సాధన చేస్తుంది. హాలు తలుపులు మూసేశాక ఆమెలో వచ్చే నవ్వును కింగ్ దాచలేదు. ఇరవయ్యేళ్ల వయసులో ఆమె మనమే. నలభైలో ఆమె మన పిల్ల. రెండు చదువుల్లోనూ ఒక్కో ముక్క జారిపోతుంది.

చివరి రెండు కాగితాలు కలిపి చదవండి, మధ్యలో టీ కూడా తాగొద్దు. రాష్ట్ర విచారణ సంఘం తేల్చింది ఏమిటంటే, ఇలాంటిది మళ్ళీ జరిగే అవకాశం ఉందనుకోవడానికి కారణమేమీ కనబడలేదని. ఆ వెంటనే 1988 ఉత్తరం: టెన్నెసీలో ఒక తల్లి, తన చిన్నపిల్ల గోళీలను ముట్టుకోకుండా దొర్లిస్తోందని మురిసిపోతూ బంధువుకు రాస్తుంది. అక్షరదోషాలతో, అమాయకంగా. మొదటిసారి అది ‘ఇంకోటి రాబోతోంది’ అన్న హారర్ కొసమెరుపులా అనిపిస్తుంది. రెండోసారి ఆ తల్లి మాట తీరు చూడండి. గర్వపడుతోంది. మార్గరెట్ రాళ్లవాన చూసి పిల్లను అల్మారా గదిలో పెట్టింది, ఈవిడ గోళీలు చూసి ఉత్తరం రాసింది. అదే శక్తి, వేరే ఇల్లు. ఇది భయపెట్టే ముగింపా, కాదా అన్నది మీరు మొదటి భాగంలో ఎన్ని చీటీలు అంటించారన్న దాని మీద ఉంటుంది.

ఇక మీ అమ్మాయి సంగతి. తొమ్మిదో తరగతికి ఇప్పుడే వద్దు, ఇంటర్‌కు వచ్చాక ఇవ్వండి. కారణం రక్తం కాదు. క్రిస్, బిల్లీల మధ్య ఉన్న సంబంధంలో హింస ఉంది, అది కథలో పెద్దగా విమర్శకు కూడా గురికాదు. తల్లి తన పెళ్లి గురించి చెప్పుకునే మాటల్లో బలాత్కారం ఉంది. బూతులు ధారాళంగా ఉన్నాయి, నల్లవాళ్లను కించపరిచే మాటలు కూడా, ఆ కాలపు ఆ ఊరి నోళ్ల నుంచి వచ్చినట్టుగా. అమెరికాలో స్కూలు లైబ్రరీల నుంచి తీసేయమని అభ్యంతరాలొచ్చిన పుస్తకమే ఇది. నిషేధించమనడం నాకు నచ్చదు, అలాగని పద్నాలుగేళ్ల పిల్లకు ఏ మాటా లేకుండా చేతిలో పెట్టడం కూడా నచ్చదు. క్లాసులో తనను ఎవరైనా ఏడిపిస్తున్నారనో, ఇంకొకరిని ఏడిపించడం చూస్తోందనో అనుమానం మీకుంటే, పుస్తకం ముందు కాదు, ఆ మాట ముందు. ఇవేవీ లేకపోయినా తను పట్టుబడితే, మొదటి భాగం మీరు కూడా అదే వారంలో చదువుతూ, మోర్టన్ ఆఫీసు సన్నివేశం వచ్చినప్పుడు ఒక్కటే అడగండి: ఆ అమ్మాయి పేరు ఆయన ఎన్నిసార్లు తప్పు పిలిచాడు?